గజ్జల్లో మూడోసారి పట్టేసింది, ఇప్పుడేం చేయాలి?

ఐస్ హాకీలో పైకొస్తున్న కుర్రాళ్ల గాయాల గురించీ, వాళ్ల మీద అభిమానులు పెట్టుకునే ఆశల గురించీ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. ఇందులో చెప్పిన వ్యాయామాలు, పరీక్షలు డాక్టరు ఒకసారి చూశాక చేయాల్సినవే.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, జూనియర్ లీగ్‌లో వింగర్. వచ్చే ఏడాది ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే చోట, పేరు వస్తుందని అందరూ అంటున్నారు. ఈ సీజన్‌లో కుడి గజ్జల్లో మూడుసార్లు పట్టేసింది. ప్రతిసారీ రెండు వారాలు విశ్రాంతి ఇచ్చాం. నొప్పి పూర్తిగా పోయాకే ఆడించాం. అయినా మళ్లీ ఎందుకు వస్తోంది?

విశ్రాంతితో నొప్పి పోయింది, బలం రాలేదు. రెండు వారాల్లో చిరిగిన పోగుల దగ్గర మంట తగ్గుతుంది కాబట్టి నడిచినా, మెట్లెక్కినా, సైకిల్ తొక్కినా ఏమీ అనిపించదు. కానీ ఈ మూడింటిలోనూ తొడ లోపలి కండరానికి పెద్ద పని పడదు. దాని అసలు పని స్కేటింగ్‌లోనే. మంచును పక్కకు నెట్టినప్పుడు కాలు బయటికి సాగిపోతుంది. అది మరీ దూరం పోకుండా ఆపి, తిరిగి ఒంటి కిందికి లాక్కొచ్చేది ఈ కండరమే. అంటే ఒకపక్క సాగుతూనే బిగుసుకోవాలి. కండరం చిరిగే అవకాశం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ క్షణంలోనే. రెండు వారాలు ఊరికే కూర్చున్న కండరాన్ని తిన్నగా మ్యాచ్‌లోకి దింపితే పాత చోటే మళ్లీ చిరుగుతుంది.

మూడోసారి కాబట్టి ముందు ఇది కండరమేనా, ఇంకేదైనానా అన్నది తేల్చుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలిని ఛాతీ వైపు మడిచి లోపలికి తిప్పినప్పుడు గజ్జ ముందు భాగంలో పొడిచినట్టుంటే తుంటి కీలును అనుమానించాలి. దగ్గినా, తుమ్మినా, పడుకున్నవాడు లేచి కూర్చోబోయినా పొత్తికడుపు కింద గుచ్చుకుంటే అది స్పోర్ట్స్ హెర్నియా అనే రకం కావచ్చు. నొప్పి మొదలైన రోజు 'టప్' మని చప్పుడు వినిపించిందంటే, ఈ వయసులో కటి ఎముక అంచు ముక్క కండరంతో పాటు ఊడిపోయి ఉండొచ్చు, ఎక్స్‌రే తప్పదు. ఒంటికాలి మీద గెంతితే నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే తొడ ఎముక మెడ దగ్గర పగులు లేదని తేలేదాకా స్కేట్లు తొడగొద్దు. ఇంకో మాట. హాకీ ఆడే కుర్రాళ్ల తుంటి ఎముక ఆకారంలో తేడా నొప్పి లేనివాళ్ల స్కాన్‌లలో కూడా తరచూ కనిపిస్తుంది. స్కాన్‌లో ఏదో కనబడిందని దాన్ని చూసే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

కండరమేనని తేలితే బలాన్ని కొలిపించండి. ఫిజియోల దగ్గర చేతిలో పట్టుకుని కొలిచే పరికరం ఉంటుంది. తొడ లోపలి కండరం బలం, పిరుదు పక్క కండరం బలంలో 80 శాతం కన్నా తక్కువుంటే గాయం ముప్పు బాగా పెరుగుతుందని ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్లలోనే తేలింది. ఇప్పటికే గాయపడినవాడికి 80 చాలదు. కనీసం 90 శాతం, ఎడమ కాలితో పోల్చినా దాదాపు సమానం రావాలి.

వ్యాయామం బంతితో మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మధ్యలో ఫుట్‌బాల్ అంత బంతి పెట్టి 30 సెకన్లు నొక్కి ఉంచాలి. ఇలా 5 సార్లు, రోజూ. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పమనండి. రెండు దాటితే తక్కువ బలంతో నొక్కాలి. గట్టిగా నొక్కినా నొప్పి లేని రోజు నుంచి కోపెన్‌హేగన్ వ్యాయామానికి వెళ్లొచ్చు. పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు లేపాలి. పైకాలి మోకాలు బెంచీ మీద ఆనించి, కిందికాలిని నేల మీది నుంచి పైకాలి దాకా తెచ్చి మూడు సెకన్లలో నెమ్మదిగా దించాలి. దించడంలోనే అసలు మందు ఉంది, దబ్బున పడేస్తే చేసినదంతా వృథా. మొదట ఒక్కో వైపు 3 నుంచి 5 సార్లు, రెండు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు. ఆరేడు వారాల్లో 12 నుంచి 15 సార్లకు పెంచాలి. అది తేలికయ్యాక మోకాలికి బదులు చీలమండను బెంచీ మీద ఆనిస్తే బరువు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి సంఖ్య మళ్లీ అయిదుకు తగ్గించాలి. చాలామంది ఇక్కడే తొందరపడి మళ్లీ గాయం తెచ్చుకుంటారు. సీజన్ నడుస్తున్నప్పుడు వారానికి ఒక్కరోజైనా దీన్ని వదలకూడదు.

మంచు మీదికి వెళ్లేటప్పుడు కూడా మెట్లుంటాయి. మొదటి రోజు 15 నుంచి 20 నిమిషాలు సగం వేగంతో తిన్నగా స్కేటింగ్ మాత్రమే. కాలు మీద కాలు వేసే మలుపులు, మంచు చిమ్మేలా గట్టిగా ఆగడం వద్దు. తర్వాత పెద్ద వలయాలు రెండు వైపులా, ఆ తర్వాత మలుపులు, ఆ తర్వాతే గట్టిగా ఆగి మళ్లీ దూకడం. అప్పుడు పక్ (హాకీలో కొట్టే రబ్బరు బిళ్ల), అప్పుడు తాకిడి లేని ప్రాక్టీస్, అప్పుడు తాకిడి, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు సెషన్లు గడవాలి. మర్నాడు పొద్దున లేవగానే బంతి నొక్కి చూడమనండి. నిన్నటికన్నా నొప్పి పెరిగితే ఒక మెట్టు కిందికి దిగాలి.

మ్యాచ్‌కు ముందు ఆఖరి పరీక్ష అలసటలో జరగాలి. 45 సెకన్లు పూర్తి వేగం, 90 సెకన్లు విశ్రాంతి, ఇలా ఎనిమిది సార్లు. ఒంట్లో ఓపిక అయిపోయాక రెండు వైపులా గట్టిగా ఆగి చూపించాలి. తాజాగా ఉన్నప్పుడు ఎవరైనా ఆగగలరు. మ్యాచ్‌లో షిఫ్ట్ (మంచు మీద ఆడే ఒక్కో విడత) చివర్న, కాళ్లు బరువెక్కినప్పుడు ఆగగలగాలి.

ఇదంతా అయ్యేసరికి ఎనిమిది వారాలైనా పడుతుంది. క్లబ్బుల తరఫున కుర్రాళ్లను వెతికే స్కౌట్లు చూసే మ్యాచ్‌లు కొన్ని పోతాయని మీ భయం, అది మాకు అర్థమవుతోంది. కానీ మూడుసార్లు రెండేసి వారాలు కూర్చోబెడితే ఆరు వారాలు ఇప్పటికే పోయాయి, కండరం మాత్రం మొదట్లో ఉన్నచోటే ఉంది.

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. గత సీజన్‌లో ఎడమ భుజం గూడ జారింది, ఈ సీజన్‌లో మళ్లీ జారింది. ఆపరేషన్ చేయించుకుంటే ఆర్నెల్లు పోతాయి. బెల్టు కట్టుకుని ఆడేయొచ్చా?

మీ వయసులో, ఒంటికి ఒళ్లు తగిలే ఆటలో, రెండుసార్లు జారిన భుజం మూడోసారి జారే అవకాశమే ఎక్కువ. మొదటిసారి జారినప్పుడే గూడ అంచున ఉండే మెత్తటి వలయం, లాబ్రమ్ అంటారు, సాధారణంగా ముందు వైపు ఊడిపోతుంది. అది దానంతటది సరైన చోట అతుక్కోవడం అరుదు. జారిన ప్రతిసారీ ఎముక అంచు కూడా కొంచెం అరిగిపోవచ్చు, అప్పుడు ఆపరేషన్ కూడా పెద్దదవుతుంది.

చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పే భంగిమను అడ్డుకునే బెల్టుతో మిగిలిన కొద్ది మ్యాచ్‌లు ఆడి, సీజన్ అయ్యాక ఆపరేషన్ చేయించుకునేవాళ్లున్నారు. అలా చేయాలంటే మూడు విషయాలు సరిగ్గా ఉండాలి. స్కాన్‌లో ఎముక నష్టం ఉండకూడదు, బలం రెండో భుజంతో దాదాపు సమానంగా ఉండాలి, చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడు 'జారిపోతుందేమో' అన్న భయం కలగకూడదు. ఆ భయం ఉందంటే కీలు నిలకడగా లేదు. దాన్ని ధైర్యంతో అణచుకునే ప్రయత్నం చేయకండి.

న్యూజెర్సీ డెవిల్స్ ఆటగాడు జాక్ హ్యూస్‌కు 2021 అక్టోబర్‌లో భుజం జారింది. తర్వాత 2022–23 సీజన్‌లో 99 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. 2024 ఏప్రిల్‌లో ఒకసారి, 2025 మార్చిలో ఇంకోసారి భుజానికి ఆపరేషన్లు జరిగాయి. భుజం గాయంతోనే ఆట అయిపోదు, అలాగని ఒక్క ఆపరేషన్‌తో కథ ముగుస్తుందని కూడా అనుకోవద్దు.

ఆపరేషన్ తర్వాత షాట్ల వరస ముఖ్యం. మొదట దగ్గరి పాస్‌లు, తర్వాత మణికట్టు విదిలించి కొట్టే రిస్ట్ షాట్, అన్నిటికన్నా చివర కర్రను వెనక్కి ఎత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్. మళ్లీ మొదలుపెట్టే నెలలో స్టిక్ ఫ్లెక్స్‌ను (కర్ర ఎంత బిరుసుగా ఉందో చెప్పే అంకె) ఒక అంచె తగ్గించండి. ఫ్లెక్స్ అంకె మీ బరువు పౌండ్లలో సగం దగ్గర ఉండాలన్నది మామూలు లెక్క. 180 పౌండ్లవాళ్లు 90 బదులు 80 లేదా 85 వాడితే స్టిక్ తేలిగ్గా వంగి భుజం మీద భారం తగ్గుతుంది. బోర్డుల (మంచు మైదానం చుట్టూ ఉండే గోడ) దగ్గర పెనుగులాట చిట్టచివరి మెట్టు.

ప్రశ్న: తలకు దెబ్బ తగిలాక ఎన్ని రోజులకు ఆడొచ్చు?

రోజుల లెక్క లేదు, మెట్ల లెక్క ఉంది. మొదటి 24 నుంచి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి. ఫోన్, కంప్యూటర్ తగ్గించాలి, ఇంట్లో మెల్లగా నడవొచ్చు. చీకటిగదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఆ తర్వాత ఆరు మెట్లు. రోజువారీ పనులు, తేలికగా సైకిల్ తొక్కడం నుంచి ఒక మోస్తరు వేగం దాకా, ఒంటరిగా స్కేటింగ్, తాకిడి లేని ప్రాక్టీస్, పూర్తి ప్రాక్టీస్, మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. తలకు దెబ్బ తగిలే వీలున్న ప్రాక్టీస్‌లోకి వెళ్లేముందు లక్షణాలన్నీ పోవాలి, డాక్టరు అనుమతి ఉండాలి. పదిహేను పదిహేడేళ్ల పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టినా అది మామూలే.

తలనొప్పి పెరుగుతూ పోవడం, పదే పదే వాంతి, ఫిట్స్, చెయ్యో కాలో పట్టు తప్పడం, మెడనొప్పి, మగతగా మారడం, వీటిలో ఏది కనబడినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆటగాడు సిడ్నీ క్రాస్బీ 2011 జనవరిలో రోజుల తేడాతో తలకు రెండు దెబ్బలు తిన్నాడు. నవంబర్ 21న తిరిగొచ్చి మొదటి మ్యాచ్‌లోనే నాలుగు పాయింట్లు చేశాడు. డిసెంబర్‌లో లక్షణాలు మళ్లీ రావడంతో 2012 మార్చి దాకా ఆడలేదు. అతనికి 2013–14లో ఎన్‌హెచ్ఎల్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ వచ్చింది. అంత పెద్ద ఆటగాడు, అంత పెద్ద వైద్య బృందం ఉన్నా దారి ఇలా వంకరగానే సాగింది.

ప్రశ్న: మా జట్టు మొదటి రౌండ్‌లో ఎంచుకున్న కుర్రాడు మూడు సీజన్లుగా ఏదో ఒక గాయంతో బయటే ఉన్నాడు. క్లబ్ 'లోయర్ బాడీ' అని తప్ప ఏమీ చెప్పదు. ఇతను గాజుబొమ్మేనా? ఎంపిక వృథా అయినట్టేనా?

ఎన్‌హెచ్ఎల్ క్లబ్బులు గాయం ఫలానాదని బయటపెట్టనక్కర్లేదు. మోకాలు అని చెబితే ప్రత్యర్థి చూపు మోకాలి మీదే ఉంటుంది, అందుకే నడుము పైనా కిందా అని వదిలేస్తారు. మీరు చూడాల్సింది ఇతర గుర్తులు. గాయాల జాబితాలో పెడితే కనీసం ఏడు రోజులు. దీర్ఘకాల జాబితా అంటే కనీసం 24 రోజులు, 10 మ్యాచ్‌లు పోతాయని అంచనా. ఒంటరిగా స్కేటింగ్, తాకిడి వద్దని తెలిపే వేరే రంగు జెర్సీతో ప్రాక్టీస్, మామూలు జెర్సీ, ఈ మూడింటి మధ్య ఎన్ని రోజులు గడుస్తున్నాయో గమనిస్తే క్లబ్ ప్రకటనకన్నా ఎక్కువే తెలుస్తుంది.

'గాజుబొమ్మ' అనే ముందు గాయాలను విడదీయండి. పక్ తగిలి మణికట్టు విరిగింది, బోర్డులకు గుద్దుకుని కాలర్‌బోన్ విరిగింది, ఎవరో మీద పడి మోకాలు తిరిగింది. ఇవి మూడూ వేర్వేరు ప్రమాదాలు, వాటిని కలిపి ఒంటి బలహీనత అనడం తప్పు. ఎవరూ తాకకుండా అదే కండరం మళ్లీ మళ్లీ పట్టేస్తుంటే మాత్రం లోపల ఏదో మిగిలిపోయింది. ఎడ్మంటన్ ఆయిలర్స్ ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్ 2015 నవంబర్ 3న, తన 13వ ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌లో బోర్డుల మీద పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, 37 మ్యాచ్‌లు పోయాయి. ఆ సీజన్‌లో ఆడిన 45 మ్యాచ్‌ల్లో 48 పాయింట్లు చేశాడు. అందుకే మొత్తం పాయింట్లు కాకుండా మ్యాచ్‌కు ఎన్ని, ఎంతసేపు ఆడిస్తే ఎన్ని అన్నది చూడండి.

రెండో వైపూ చెప్పాలి. నోలన్ ప్యాట్రిక్‌ను 2017 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు రెండో స్థానంలో ఎంచుకుంది. అతనికి 2016 వేసవిలో స్పోర్ట్స్ హెర్నియా ఆపరేషన్ అయింది, డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు పొత్తికడుపు కండరాలకు మరొకటి అయింది. తర్వాత మైగ్రేన్ సమస్యతో 2019–20 సీజన్ మొత్తం పోయింది. అతని వెనకాల వరసగా ఎంపికైనవాళ్లు మిరో హీస్కనెన్, కేల్ మకార్, ఎలియాస్ పెటర్సన్, ముగ్గురూ తర్వాత స్టార్లయ్యారు. అభిమానులు ఏళ్ల తరబడి ఆ మూడు పేర్లే అతని ముందు పెట్టారు. మైగ్రేన్‌తో వెలుతురు చూడలేని కుర్రాడికి తన తర్వాత ఎవరిని ఎంచుకున్నారన్న సంగతి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. క్లబ్ ఎంపికను విమర్శించండి, అది మీ హక్కు. ఆ కోపాన్ని కుర్రాడి ఖాతాలోకి సందేశాలుగా పంపొద్దు.

ప్రశ్న: మా జట్టు కొత్త కుర్రాడిని ఎన్‌హెచ్ఎల్‌లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి జూనియర్ లీగ్‌కు పంపేశారు. గాయం దాస్తున్నారా?

అలా అనుకోనక్కర్లేదు. 18, 19 ఏళ్ల ఆటగాడు మొదటి కాంట్రాక్ట్ మీద ఎన్‌హెచ్ఎల్‌లో 10 మ్యాచ్‌ల కన్నా తక్కువ ఆడితే ఆ ఏడాది లెక్కలోకి రాకుండా కాంట్రాక్ట్ గడువు ఒక ఏడాది పొడిగింపు అవుతుంది. తొమ్మిది దగ్గర ఆపడానికి చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: మా వాడికి 19. ఏడాదిలో రెండోసారి చీలమండ పై భాగం బెణికి ఇంట్లో ఉన్నాడు. రాత్రంతా ఫోన్‌లో తన గురించి ఏం రాశారో చదువుతున్నాడు. 'వచ్చే వారం ఆడతా' అని అందరికీ చెబుతున్నాడు. ఏం చేయాలి?

అమ్మా, ముందు ఆ 'వచ్చే వారం' మాటను ఆపించండి. చీలమండ పైన రెండు ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్ అది. స్కేట్ బూటు పాదాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి బ్లేడు ఇరుక్కుని కాలు తిరిగినప్పుడు దెబ్బంతా అక్కడికే పోతుంది. మామూలు బెణుకు రెండు మూడు వారాల్లో తగ్గినా దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తేదీ చెప్పిన కుర్రాడు ఆ తేదీకి లొంగిపోయి కుంటుతూనే వెళ్తాడు. ఎవరడిగినా ఒకే జవాబు నేర్పండి: 'ఇప్పుడు ఒంటరిగా స్కేటింగ్ దశలో ఉన్నాను, తర్వాతి దశ ఎప్పుడో డాక్టరు చెబుతారు.' దశ చెప్పాలి, తేదీ చెప్పకూడదు.

ఫోన్ లాక్కుంటే పందొమ్మిదేళ్లవాడు వినడు. ఖాతా పాస్‌వర్డ్‌ను నమ్మకమైన ఒకరికి ఇచ్చి, గాయం తగ్గేదాకా వాళ్లే చూసేలా వాడితోనే ఒప్పందం చేసుకోండి. రాత్రి ఫోన్ పడకగది బయట ఛార్జింగ్‌లో ఉండాలి. 'అక్కడ నీ గురించి ఇలా రాశారు' అని, మంచిదైనా సరే, ఇంట్లోవాళ్లు మోసుకురావద్దు.

గాయపడినవాడిని ఎక్కువగా కుంగదీసేది జట్టుకు దూరం కావడం. కోచ్‌తో మాట్లాడి ఏదో ఒక పని ఇప్పించండి. ఫేస్‌ఆఫ్‌ల (ఆట మొదలుపెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) లెక్క రాయడం, మ్యాచ్ వీడియోలో కావాల్సిన భాగాలు వేరు చేయడం, అందరూ జిమ్‌లో ఉన్న వేళకే తన వ్యాయామం పెట్టుకోవడం, ఏదైనా సరే. తిండి తగ్గించనివ్వకండి. ఆడటం లేదని అన్నం మానేస్తే కండ కరుగుతుంది. కిలో బరువుకు రోజుకు కనీసం 1.6 గ్రాముల ప్రొటీన్ అందాలి.

నొప్పి దాచిపెడుతున్నా, ప్రాక్టీస్‌కు ముందు నొప్పి బిళ్లలు మింగుతున్నా టీమ్ డాక్టరుకు చెప్పండి, వాడికి కోపమొచ్చినా సరే. రెండు వారాలుగా నిద్ర లేకపోతే, స్నేహితులను చూడటం మానేస్తే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో వచ్చినా అదే రోజు, అదే గంటలో సాయం తీసుకోండి, వాడిని ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: గజ్జ గాయం తర్వాత స్కేట్ బ్లేడు పదును మార్చాలా?

మార్చడం మంచిదే. బ్లేడు అడుగున ఉండే గాడి ఎంత లోతుంటే మంచును అంత గట్టిగా కరుస్తుంది. ఆగినప్పుడు ఆ పట్టు ఒక్కసారిగా గజ్జకు, మోకాలికి తగులుతుంది. పదును అంకె (గాడి వంపు వ్యాసార్థం, అంగుళాల్లో) చిన్నదైన కొద్దీ గాడి లోతు ఎక్కువ. అర అంగుళం వాడేవాళ్లు కొన్ని వారాలు 5/8కి వెళ్లొచ్చు. 3/8 వాడుతుంటే ముందు అర అంగుళానికి రండి. కొత్త పదును మొదటిసారి మ్యాచ్‌లో వాడొద్దు, రెండు ప్రాక్టీస్‌లైనా కావాలి.

పదును పట్టించి తెచ్చిన ప్రతిసారీ స్కేటును తిరగేసి బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి కంటి ఎత్తులో చూడండి. నాణెం ఒక పక్కకు వాలితే ఆ రెండో అంచు ఎత్తుగా ఉన్నట్టు. అలాంటి బ్లేడు మీద పాదం ప్రతి అడుగులోనూ ఒకే వైపుకు ఒరుగుతుంది, ఆ తేడాను సరిచేసే పని తొడ లోపలి కండరం మీద పడుతుంది. వెనక్కి ఇచ్చి మళ్లీ పట్టించండి.